ఇల్లు: దానమా? న్యాయమా?

ఒక దేశము స్వతంత్రమైనదో కాదో తెలిసికొనుటకు రాజభవన శిఖరములపై నెగురు పతాకమును చూచిన చాలదు. ఆ దేశమున కూలివాడు సాయంకాలమున ఎచ్చటికి మరలిపోవుచున్నాడో, అతని భార్య ఎచ్చట పొయ్యి రాజేయుచున్నదో, వాన కురిసిన రాత్రి అతని బిడ్డలు ఎచ్చట తలదాచుకొనుచున్నారో చూడవలయును. కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు ఈ మూడింటిని ఒక్క వరుసలో చెప్పిరి. స్వరాజ్యము వచ్చి ఏడున్నర దశాబ్దములు దాటినవి. కూటికి చౌకబియ్యపు దుకాణమున్నది. గుడ్డకు సంతయున్నది. గూడు మాత్రము ఇప్పటికిని ఎన్నికల వేళ చేతిలో పెట్టు కానుకగనే నిలిచియున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములు పాత చిత్తూరు జిల్లా పడమటి భాగమున, కన్నడ సీమకు చేరువగా నున్నవి. వానిని, వాని చుట్టునున్న పల్లెలను దృష్టియందుంచుకొని నేడు మేమీ విషయమును విప్పి చెప్పదలచితిమి. మా మాట కొందరకు కటువుగా తోచవచ్చును. తోచినను చెప్పక తప్పదు.

మా వాదము ఒక్కటే. ఇల్లు దానము కాదు. పౌరునకు చెల్లవలసిన బాకీ. దానమిచ్చువాడు తనకు తోచినంత, తోచినచోట, తోచినవానికి ఇచ్చును, పుచ్చుకొనువాడు మారుమాటాడరాదు. బాకీ తీర్చువాడు లెక్క చూపవలయును. కొలత తగ్గినచో అడుగుటకు ఎదుటివానికి అధికారముండును. మన పాలకులు ఏ పక్షమువారైనను ఇంతవరకు దాతల వేషమున వచ్చుచున్నారు గాని బాకీదారులుగ వచ్చుట లేదు. మనము చూచుచున్న దోషములన్నియు దీనినుండియే పుట్టినవి.

ఈ సీమలో నేల కథ తెలియనిదే ఇంటి కథ తెలియదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కడప జిల్లానుండి మదనపల్లె ప్రాంతము, ఉత్తరార్కాటునుండి పుంగనూరు, కుప్పము ప్రాంతములు వచ్చి కలిసినవి. పుంగనూరు పేరుగల జమీను. కుప్పము కంగుంది జమీనులోనిది. 1948లో చెన్నరాజధాని శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టమును చేసెను, జమీందారీలు పోయినవి, దున్నుకొను రైతునకు పట్టా వచ్చినది. అది న్యాయమే, ఎవరును కాదనరు. కాని ఆ రైతు పొలమున కూలిచేయువాని గుడిసె క్రింది నేల మాట ఏమి? గ్రామనత్తమున చోటు దొరకినవారు కొలదిమంది. తక్కినవారు చెరువుకట్ట దిగువను, వాగు ఒడ్డునను, రాళ్లగుట్ట ప్రక్కను, ఏదో యొక పోరంబోకునందు నాలుగు కట్టెలు పాతుకొనిరి. జమీందారు మేడకు దస్తావేజు ఉన్నది. రైతు చేనికి పట్టా ఉన్నది. కూలివాని గుడిసెకు రెవిన్యూ లెక్కలలో ‘ఆక్రమణ’ యను ఒక్క మాట మాత్రమే ఉన్నది. తాత పుట్టి పెరిగి చచ్చిన చోట మనుమడు ఆక్రమణదారుడనిపించుకొనుచున్నాడు. ఇదెక్కడి ధర్మము?

ఏమియు జరుగలేదని మేమనుట లేదు. 1979లో రాష్ట్రమున గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 1985లో కేంద్రము ఇందిరా ఆవాస యోజనను ఆరంభించినది. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతట ముప్పది లక్షలకు పైబడిన ఇండ్లస్థలముల పంపిణీ ఆరంభమైనది. పట్టాలు స్త్రీల పేర వ్రాయబడినవి. ఇంటి పత్రముపై ఇల్లాలి పేరుండుట చిన్న విషయము కాదు. త్రాగి వచ్చిన మగడు గెంటివేసిన రాత్రి ‘ఈ యిల్లు నాది’ యని యామె యనగలదు. ఆ మేలును ఒప్పుకొనకుండుట అన్యాయము.

కాని కొలత చూడుడు. ఆ పథకమున పట్టణవాసికి 1 సెంటు, గ్రామవాసికి సెంటున్నర. సెంటనగా 435 చదరపుటడుగులకు కొంచెము హెచ్చు. గజములలో 48 చిల్లర. అందు 340 చదరపుటడుగుల ఇల్లు కట్టుమనిరి. మిగిలిన స్థలము నూరు చదరపుటడుగులైనను లేదు. అందే బట్టలారవేయవలె, అంట్లు తోమవలె, సైకిలు నిలుపవలె, ముసలితండ్రి నులకమంచము వాల్చుకొనవలె! ఇంటికిచ్చిన సహాయధనము 1 లక్షా 80 వేల రూపాయలు. ఇసుక, సిమెంటు, కడ్డీ, బేల్దారి కూలి ఎట్లున్నవో తెలిసినవారికి ఆ మొత్తముతో గోడలు ఎంతవరకు లేచునో మేము చెప్పనక్కరలేదు. తక్కినది వడ్డీకి తెచ్చుకొనవలసినదే. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనుట కలిగినవారికి హెచ్చరికగా పుట్టిన సామెత. దానిని దినకూలీ నెత్తిన పెట్టితిమి. 2024 ఎన్నికల పిమ్మట వచ్చిన ప్రభుత్వము పట్టణమున 2 సెంట్లు, గ్రామమున 3 సెంట్లు ఇత్తుమన్నది. మంచిమాట. కాని ఇంతలో పాత కాలనీల పేర్లు మారినవి. ప్రభుత్వము మారినప్పుడెల్ల కాలనీ ముఖద్వారముపై పేరు మారుటకు పట్టు కాలము స్వల్పము; అదే కాలనీలోనికి కొళాయి నీరు, కాలువ, దీపము వచ్చుటకు పట్టు కాలము మాత్రము దీర్ఘము. పేదవాని గోడపై మీ పేరు వ్రాసికొనుటకు ముందు ఆ గోడ నిలిచినదో లేదో చూడరాదా?

కొలతకంటె గొప్ప దోషము మరియొకటి గలదు. ఇల్లనగా రాత్రి నిద్రించు చోటని మాత్రమే అధికారులు తలచుచున్నారు. పేదవానికి ఇల్లు కార్ఖానా కూడ. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెకు పోయి చూడుడు. అచ్చట పట్టుచీరలు నేయు కుటుంబములు వేలు. నేతగానికి మగ్గమున్న గదియే ఇల్లు. మిగిలినది దాని చుట్టు అమర్చుకొనునదే. గుంటమగ్గమున్న చోట వానకు నేల చెమ్మగిల్లి గుంటలో నీరూరినచో, ఆ నీరింకువరకు పని నిలిచిపోవును. పని నిలిచినచో పొయ్యి నిలుచును. అట్టివానికి సెంటు భూమిలో ఇల్లిచ్చి మగ్గమెచ్చట పెట్టుకొందువని అడుగకుండుట వానికి ఇల్లిచ్చుటా, వాని వృత్తిని తీసికొనుటా?

పుంగనూరు సంగతి ఇంకను విచిత్రము. ఈ ఊరి పేరు నేడు దేశమంతట తెలియుటకు కారణము జమీందారులు కారు, ఒక పొట్టి ఆవు. మూడడుగుల ఎత్తునకు మించని ఆ జాతి తక్కువ మేతతో, తక్కువ నీటితో బ్రతుకుటకు అలవాటుపడినది. కరవుసీమ పేదవానికి భగవంతుడిచ్చిన సొత్తు. 2024 సంక్రాంతి వేళ ప్రధానమంత్రి ఢిల్లీలోని తన నివాసమున పుంగనూరు ఆవులకు మేత పెట్టగా దేశమంతయు ముచ్చటపడినది. మేమును సంతోషించితిమి. కాని పుంగనూరు ఆవునకు ఢిల్లీలో దొరకిన చోటు పుంగనూరు పేదవాని సెంటున్నర స్థలమున దొరకుట లేదే! పాలమ్ముకొని పిల్లలను చదివించుకొను స్త్రీలు ఈ సీమలో లెక్కకు మిక్కిలి. వారికిచ్చు ఇంటిలో ఆవును కట్టుటకు గుంజ పాతు జాగా లేకున్నచో, పాడి విడువుమని చెప్పినట్లే గదా.

ఇంకొక పోలిక చెప్పెదము. ఈ మూడు పట్టణముల చుట్టును మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకము గలవు. పురుగులను మేపు షెడ్డు ఎట్లుండవలెనో రైతులందరకు తెలియును. గాలి ఆడవలెను. తేమ హద్దు మీరరాదు. వేడి 24 డిగ్రీలనుండి 28 డిగ్రీల లోపల నుండవలెను. తట్టలలో పురుగులు క్రిక్కిరిసియుండరాదు. ఉన్నచో రోగము తగిలి పంట పోవును. అట్టి షెడ్డు కట్టుకొనుటకు సర్కారు సహాయమిచ్చుచున్నది; ఇచ్చుట తగును. పురుగు క్రిక్కిరిసిన చోట రోగము పుట్టునని ఎరిగిన శాస్త్రము, మనుష్యులు అయిదారుగురు ఒక్క గదిలో క్రిక్కిరిసిన ఏమగునో ఎరుగదా?

ఎరుగకపోవుటకు ఈ ఊరికి సాకు కూడ లేదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల ఆరోగ్యాలయము వెలసినది. మందులు లేని ఆ దినములలో చల్లగాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి ఆహారము ఇవియే వైద్యము. దక్షిణదేశము నలుమూలలనుండి రోగులు వచ్చిరి. ఫ్రిమొడ్ట్ మొల్లరు మొదలగు వైద్యులు చుట్టుపల్లెలు తిరిగి క్షయ ఎట్లు వ్యాపించుచున్నదో పరిశోధించిరి. పిమ్మట మందులు వచ్చినవి. ఇంటిలోనే యుండి మందు తినినను రోగము కుదురునని చెన్నపట్టణమున జరిగిన పరిశోధన 1959లో లోకమునకు తెలిపినది. మంచిదే. కాని మందు రోగిని బాగుచేయును గాని కిటికీ లేని గదికి కిటికీ పెట్టదు. గాలి సోకని ఇరుకుటిండ్లలో ఆ క్రిమి ఒకరి ఊపిరినుండి మరియొకరి ఊపిరికి సులభముగ పోవునన్నది నేటికిని నిజమే. నూరేండ్ల క్రిందట గాలియే ఔషధమని చాటిన ఊరిలో, నేడు పేదవాని ఇంటిపటమున రెండవ కిటికీ ఆడంబరముగ తోచుట సిగ్గుచేటు.

ఇక పత్రముల మాట. పేదవానికి దొరకిన భూమి సాధారణముగ అసైన్డు భూమి, డీ-పట్టా. ధనికులు కాజేయకుండుటకై అట్టి భూమి చేతులు మారరాదని 1977 చట్టము శాసించినది. ఉద్దేశము మంచిది. జరిగినదేమనగా, పేదవాడు అవసరమునకు అమ్ముకొనలేదు. పలుకుబడిగలవాడు మాత్రము నోటిమాటతోడను తెల్లకాగితముతోడను అనుభవించుచునే వచ్చినాడు. ఇరువది యేండ్లు దాటిన అసైన్డు భూములకు సంపూర్ణ హక్కు నిచ్చు సవరణ 2023లో వచ్చినది. 2024 పిమ్మట దాని అమలుపై అనుమానములు పుట్టి పరిశీలన ఆరంభమైనది. రిజిస్ట్రేషను చట్టములోని 22-ఏ నిషేధపు జాబితాలో ఒక్కసారి సర్వేనంబరు ఎక్కినచో దానిని తీయించుకొనుట సామాన్యునకు సాధ్యమగు పనియా? దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, చట్టమిచ్చినది కచేరీ బల్లకడ చిక్కుకొని నిలుచుచున్నది.

ఈ స్థితిలో 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున మంటలు చెలరేగి దస్త్రములు తగులబడినవి. ప్రభుత్వము దానిని ఊరక జరిగిన ప్రమాదముగ తీసికొనక దర్యాప్తు నడిపించినది. దోషులెవరో తేల్చుట న్యాయస్థానముల పని. మేము తీర్పు చెప్పము. ఎవరు చేసినను చేయకున్నను, ఒక ప్రశ్న మాత్రము ఆ బూడిదలో మిగిలియున్నది. వేలకొలది కుటుంబముల భూమి ఆధారము ఒక భవనములో, కొన్ని బీరువాలలో, ఒక్క అగ్గిపుల్ల దూరమున ఏల యుండవలెను? కలిగినవానికి తన దస్తావేజు నకలు వకీలు కడ నుండును, బ్యాంకులో నుండును, పెట్టెలో నుండును. లేనివానికి ఉన్న సాక్ష్యమంతయు కచేరీలోని కాగితమే. ఆ కాగితము కాలిన దినమున వాని పూరిల్లు కాలినంత పనియైనది. పూరిల్లు కాలినచో ఇరుగుపొరుగువారు పరుగెత్తి వత్తురు, కాగితము కాలినచో వచ్చువారెవరు?

ఇంతవరకు ప్రభుత్వమును అంటిమి. ఇప్పుడు మనలను మనము అడుగుకొందము. మన పల్లెలలో ఊరు వేరు, వాడ వేరు. ఎవని చావడి ఎచ్చట నుండవలెనో పుట్టుకయే నిర్ణయించినది. సర్కారు కట్టు కొత్త కాలనీలు ఈ గీతను చెరిపివేయుటకు మారుగా తరచు దానినే సిమెంటుతో మరల గీయుచున్నవి. పట్టణములలో నాగరికత హెచ్చినదందుము. ‘ఇల్లు బాడుగకు ఈయబడును’ అను పలక చూచి తలుపు తట్టినవానిని ఇంటి యజమాని మొదట అడుగునది బాడుగ ఎంత ఈయగలవని కాదు. మీ ఇంటిపేరేమి? మీదే ఊరు, ఏ వీధి? మీరు మాంసము తిందురా? ఇట్లు కులము పేరెత్తకయే కులము తెలిసికొని, ‘మొన్ననే ఒకరు అడ్వాన్సు ఇచ్చిపోయినారండి’ యని పంపివేయుదురు. చదువు చెప్పు పంతులును, మందిచ్చు నర్సును, కచేరీలో గుమస్తాయు ఈ మాట వినివచ్చినవారే. మతము వేరైనచో పలక చదువుటయే వృథాశ్రమ.

రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. ఏ ప్రాంతమందైనను ఇల్లు కట్టుకొనుటకు, పొందుటకు, నివసించుటకు అంటరానితనము పేర అడ్డుపడుట నేరమని 1955 నాటి పౌరహక్కుల రక్షణచట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. చట్టము పుస్తకమున నున్నది. పలక గోడపై నున్నది. రెండింటికిని నడుమ సాక్ష్యము చెప్పు పొరుగువాడు మాత్రము కనబడడు. స్వరాజ్యము కొరకు సత్యాగ్రహము చేసిన జాతి తన మిద్దెమీది గదిని తోటి స్వదేశీయునకు బాడుగకీయదా? ఈయని చేతితో ఆగస్టు 15న జెండా ఎగురవేయుట ఎందులకు?

కుప్పము మాటకు వత్తుము. అచ్చటివారి బాధ వేరు. ఇల్లున్నను ఊరిలో పనిలేదు. కుప్పము కొండలలో తీయు గ్రానైటు రాయి ఓడలెక్కి పరదేశముల మేడలకు నేలయై పరచుకొనుచున్నది. ఆ ఊరి యువకుడు మాత్రము తెల్లవారకముందే రైలెక్కి ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమునున్న బెంగుళూరునకు పనికి పోవుచున్నాడు. అచ్చటనే యుందమన్నచో నెలల బాడుగ ముందుగా అడ్వాన్సు పెట్టవలెను; పదినెలల బాడుగ అడుగుట ఆ నగరపు ఆచారము. అంత సొమ్మున్నచో కూలికి పోవుటేల? అందుచేత ఇతరుల మేడలు కట్టు చేతులు రేకుల షెడ్డులో పండుకొనుచున్నవి. లేదా దినమున నాలుగయిదు గంటలు రైలుపెట్టెలో నిలుచుండి మరలివచ్చుచున్నవి. పని లేనిచోట ఇల్లును, ఇల్లు దొరకనిచోట పనియు నుండుటను గృహసమస్యలో చేర్పని లెక్క తప్పులెక్క. పథకము వ్రాయువారు ఇంటి సంఖ్యను లెక్కింతురు; ఆ ఇంటినుండి పనికి పోవు దూరమును లెక్కింపరు. ఊరికి క్రోసుదూరమున, కొండమొదటనో పల్లపు నేలనో పట్టాలిచ్చి, వాడు అచ్చటికి పోవుటలేదు గావున వానికి ఇల్లక్కరలేదని వ్రాయుట ఎంతటి క్రూరమైన తర్కము!

మా మాటలకు ప్రత్యుత్తరములు మాకు తెలియనివి కావు. పేదవారు ఇచ్చిన స్థలమునే అమ్ముకొందురనునది మొదటిది. అమ్ముకొనువారున్నారు. జబ్బు వచ్చియో, బిడ్డ పెండ్లికో, ఆ స్థలము పనికిరానిదై యుండుటచేతనో అమ్ముకొందురు. ధనికుడు తన స్థలమునమ్మిన వ్యాపారము, పేదవాడమ్మిన దుర్వినియోగమా? బ్యాంకులు అప్పిచ్చుచున్నవి గదా యనునది రెండవది. నెలజీతముగలవాని కొలతకు కుట్టిన చొక్కా అది. మదనపల్లె సంతలో టమాటా 2023 జులైలో కిలో ఇంచుమించు 200 రూపాయలు పలికినది. మరి కొన్ని ఏండ్లలో కోతకూలి రాక రైతులు రోడ్డుమీద పారబోసిరి. అట్టి పంటను నమ్ముకొన్న రైతును కూలీయు నెలనెల తప్పక వాయిదా ఎట్లు చెల్లింతురు? డబ్బెక్కడిదనునది మూడవది. మొదటి మహాయుద్ధమున ఓడి, చితికిపోయిన వియన్నా నగరము 1923నుండి 1934 వరకు విలాసగృహములపై హెచ్చు పన్ను వేసి, ఆ సొమ్ముతో 60 వేలకు పైబడిన ఇండ్లను శ్రామికులకు కట్టించినది. వానిలో నేటికిని జనులు కాపురముండుచున్నారు. కావలసినది ధనముకంటె ముందు సంకల్పము. మన పట్టణములలో ఏండ్ల తరబడి కొని ముళ్లకంపతో పడవేసియుంచిన లేఅవుటు స్థలములెన్ని లేవు? వానిపై కొంచెము బరువు వేసిన తప్పేమి?

జీవించు హక్కులో జీవనోపాధి ఇమిడియున్నదని 1985లోను, నివాసము ఇమిడియున్నదని 1996లోను మన సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. ఇంత స్పష్టముగ చెప్పిన పిమ్మట దీనిని దయాధర్మముగ మాటాడుటకు ఎవరికిని అధికారము లేదు.

కావున మేము కోరునవి ఇవి. స్థలము కేటాయించుటకు ముందు కుటుంబమున ఎందరు, వారి వృత్తి యేమి, మగ్గమున్నదా, పాడియున్నదా యని అడిగి కొలత నిర్ణయింపవలెను. నీరు, దారి, దీపము లేని స్థలమును ఇచ్చినట్లు లెక్క వ్రాయరాదు. పనికి పోగల దూరముననే ఇల్లుండవలెను. జాబితాను గ్రామసభలో చదివి, గోడపై అంటించి, పేరులేనివాడు అడిగినప్పుడు కారణము వ్రాసి ఈయవలెను. ప్రతి పట్టా ధ్రువీకృత ప్రతి దాని యజమానురాలి చేతిలో నుండవలెను. మరియొకటి గ్రామ సచివాలయమున నుండవలెను. కాలిపోయిన దస్త్రములకు మారుగా పేదవానిని తిప్పక కచేరీయే పల్లెకు పోయి విచారించి కొత్తవి వ్రాయవలెను. కులమడిగి ఇల్లీయనివానిపై ఉన్న చట్టమును ఒక్కసారియైనను వాడి చూపవలెను. మతమడిగి ఈయనివానికి తగిన చట్టము చేయవలెను.

ప్రజలకును ఒక్క మాట. పట్టా పుచ్చుకొనునప్పుడు చేతులు జోడింపకుడు. కొలత అడుగుడు, నీరు అడుగుడు, దారి అడుగుడు. అడుగువాడు కృతఘ్నుడని ఏ నాయకుడైన అన్నచో, తన బాకీని తానడుగువాడు ఎవనికి కృతఘ్నుడని తిరిగి అడుగుడు. మేడలున్నవారును తమ వాకిటి పలకవంక ఒకమారు చూచుకొనవలెను. కొత్త ప్రభుత్వము, పాత ప్రభుత్వము అను వాదులాట మాకక్కరలేదు. మదనపల్లె నేతగానికి మగ్గము పట్టు గది, పుంగనూరు ఇల్లాలికి ఆవును కట్టు గుంజ, కుప్పము కూలివానికి పొద్దుగూకునప్పటికి చేరగల గుమ్మము దొరకువరకు ఈ బాకీ తీరినదని మేమొప్పము. ఈ ప్రశ్నను విడువము.